విత్తనం మూట

కుళ్ళాయప్ప అరచేతులు మొదటిసారి చూసినప్పుడు
జొన్నగింజలు అంటుకున్నాయేమో అనుకున్నాను.
దులుపుకోమందామని నోరు తెరిచి
ఆగిపోయాను.
అవి చర్మమే.

గని మూతపడి ఇరవై ఏండ్లు దాటింది.
మరలో పోసి రాయిని పిండి చేసిన మనిషి ఆయన.
బంగారం పెట్టెల్లో వెళ్ళిపోయింది,
పిండి మాత్రం గుట్టగా ఎర్రబోడు పక్కనే ఉండిపోయింది.
వాన తక్కువ మాకు.
కురిసిన నాలుగు చినుకులూ ఆ గుట్టలోంచే దిగి
బోరు అడుగుకు చేరతాయి.
"తియ్యగుంటాయి పాపా మా నీళ్ళు"
చెంబు నా చేతికిచ్చాడు.
తాగాను. ఆయన ముందు ఏం చెయ్యను?

పాషాణం అంటే రాయి.
పాషాణం అంటే విషం.
రెంటికీ ఒకే మాట పెట్టినవాళ్ళు
ఏ గని అంచున నిలబడి పెట్టారో.

అనంతపురంలో, కరెంటు పోయి వచ్చే మా ల్యాబులో
ముప్పై ఏడు డిగ్రీల పెట్టె ఒకటుంది.
ఎవరివో మనిషి చర్మకణాలు అందులో
గులాబీరంగు ద్రవం కింద, మీగడ పొరలా
గిన్నె అడుగుకు అతుక్కుని ఉంటాయి.
ఎర్రబోడు నీళ్ళలో ఎంత పాషాణం తేలిందో
అంతే కొలిచి
ఒక బుధవారం పొద్దున వాటికి పోశాను.
గంట. రెండు గంటలు. ఆరు.
సూక్ష్మదర్శినిలో ఏమీ కదల్లేదు.
లోపల చదివితే ఊరంతా లేచి ఉంది.

కణంలో ఒక కాపలావాడుంటాడు.
ఒక పరుగులవాడి చెయ్యి పట్టుకుని
గడప దాటనివ్వకపోవడమే వాడి ఉద్యోగం.
కాపలావాడి వేళ్ళలో గంధకం.
గంధకమంటే పాషాణానికి చచ్చేంత ఇష్టం.
వచ్చి ఆ వేళ్ళనే బిగించి పట్టుకుంది.
పట్టు జారింది.
పరుగులవాడు కేంద్రకంలోకి దూరి
నిద్రపోయే జన్యువుల తలుపులు బాదాడు:
లేయండప్పా, నీళ్ళల్లో ఏందో వచ్చింది!

ఒకటి లేచి లోహాన్ని వాటేసుకునే ప్రోటీను అల్లింది.
ఒకటి తుప్పు తుడవడానికి కూర్చుంది.
నిన్నటిదాకా ఒక్క నకలు రాయని జన్యువు
ఈ పూట నలభై రాసింది.
తెగిన దారం ముడివేసే మరమ్మతువాళ్ళు మాత్రం
ఎందుకో పనికి రాలేదు.
హాజరుపట్టీలో వాళ్ళ గడులు ఖాళీ.

మొదటి రోజు ఏ ఊరైనా బాగానే లేస్తుంది.
నేను పదిహేను వారాలు పోశాను.

అసలు సంగతి వేరే ఉంది.
ఆయన కాలేయం విషాన్ని బయటికి పంపాలంటే
దాని నెత్తిన ఒక చిన్న ముద్ర కొట్టాలి.
ఒక కర్బనం, మూడు ఉదజనులు, అంతే.
తెరవకూడని జన్యువులకు సీలు వేసేదీ
ఆ ముద్రతోనే.
డబ్బీ ఒకటి, ఖర్చులు రెండు.

ఇది ఆయనకెట్ల చెప్పాలి?
గ్రాఫు కాగితం మడిచి సంచిలో పెట్టేసి అడిగాను:
"కరువేడు విత్తనం కాయలు తిన్యారా ఎప్పుడన్నా?"

చానాసేపు మాట్లాడలేదు.
"తిన్యాం.
మూట ఇప్పేటప్పుడు మాయమ్మ దీపం ఆర్పింది పాపా.
ఒలిచే సప్పుడు పక్కింటికి ఇనపడకుండా
గోనెపట్ట కప్పుకున్యాం.
ఆ రాత్రి కడుపు నిండింది."

మీ ఒంట్లో కూడా అదే జరుగుతాందన్నాను.
రోజూ ఆ మూటే.

చేతులు తిప్పి చూసుకున్నాడు,
మొదటిసారి చూస్తున్నవాడిలా.
"అయితే అది తప్పు సెయ్యలేదు గదా."
లేదన్నాను.
"నీళ్ళు మారిస్తే మళ్ళా ఇత్తనం దొరుకుతాదా?"

పెట్టెలో రెండో గిన్నె ఉంది.
నాలుగు వారాలుగా దానికి పాషాణం ఆపేశాను.
కొన్ని జన్యువులు మళ్ళీ పడుకున్నాయి.
కొన్ని ఇంకా లేచే ఉన్నాయి, గుమ్మంలో,
ఎవరో పిలిచినట్టు.
వాటి పేర్లు రాసుకుంటున్నాను.

సోమవారం నుంచి ట్యాంకరు వస్తుందట ఎర్రబోడుకు.